మీ గ్రాఫ్ మసకబారుతోందా?

ప్రాజెక్టు రిపోర్టు, థీసిస్, జర్నల్ పేపర్... మనలో ఎక్కువ మంది టైప్ చేసేది వర్డ్‌లోనే. నెలల తరబడి చేసిన ప్రయోగం చివరికి ఓ గ్రాఫ్‌గా అందులో చేరుతుంది. ఎంత జూమ్ చేసినా, ఎలా ప్రింట్ తీసినా ఆ గ్రాఫ్ చెక్కుచెదరకుండా ఉండాలంటే ఏం చేయాలి?

వైవా జరుగుతోంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మీ థీసిస్‌లో ఓ పేజీ దగ్గర ఆగారు. ‘ఈ పీక్ ఎంత దగ్గర వచ్చింది?’ అని అడిగారు. మీకు తెలుసు కాబట్టి టక్కున చెప్పేశారు. ఆయన మాత్రం కళ్లజోడు సవరించుకుని మళ్లీ ఆ గ్రాఫ్‌నే చూస్తున్నారు. ఎందుకంటే యాక్సిస్ మీద అంకెలు ఉండాల్సిన చోట అలుక్కుపోయిన బూడిద రంగు మచ్చలు తప్ప ఏమీ లేవు.

‘చూడ్డానికి కాస్త బాగోలేదు, అంతేగా’ అని తీసిపారేయకండి. సైన్స్ రిపోర్టులో గ్రాఫ్ అంటే సాక్ష్యం. మీరు చెప్పిన ఫలితం సరైనదేనా అని చదివేవాళ్లు తేల్చుకునేది దాన్ని చూసే. అంకెలే కనిపించకపోతే మీ మాటను నమ్మడం తప్ప వాళ్లకు వేరే దారి లేదు. పైగా పీహెచ్‌డీ థీసిస్‌లు ఇప్పుడు లైబ్రరీ బీరువాలో ఆగిపోవడం లేదు. యూజీసీ 2009 నిబంధనలతో ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వడం తప్పనిసరైంది. అవి ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగలో చేరతాయి. ఎక్కడివాళ్లయినా తెరిచి చదువుకోవచ్చు. మసక గ్రాఫ్ ఒకసారి అక్కడికి చేరిందంటే మీ పేరుతో అలాగే ఉండిపోతుంది.

దీన్ని సరిచేసుకోవడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. ఓ పూట కూర్చుంటే వచ్చేసే పని.

చుక్కలా? గీతలా?

ముందు అసలు తేడా తెలుసుకోండి. కంప్యూటర్‌లో బొమ్మలు రెండు రకాలు. మొదటిది రాస్టర్. అంటే రంగు చుక్కలను పక్కపక్కన పేర్చి చేసిన బొమ్మ. ఆ చుక్కలే పిక్సెళ్లు. ఫోన్ ఫొటో, స్క్రీన్‌షాట్, జేపెగ్, పీఎన్‌జీ... ఇవన్నీ ఈ రకమే. రెండోది వెక్టర్. ఇందులో చుక్కలుండవు, సూచనలుంటాయి. ‘ఇక్కడి నుంచి అక్కడికి ఇంత మందంలో గీత, ఈ చోట ఈ అక్షరం’ అని ఫైల్‌లో రాసి ఉంటుంది.

ముగ్గుతో పోల్చుకుంటే ఇట్టే అర్థమవుతుంది. పక్కింటి ముగ్గును ఫొటో తీసి పెద్దది చేస్తూ పోతే కాసేపటికి గీతలన్నీ చెదిరిపోతాయి. అదే ‘15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేవరకు’ అని లెక్క తెలిస్తే? చిన్న గడప ముందైనా, పెద్ద వాకిట్లోనైనా అంతే తీరుగా వేసుకోవచ్చు. వెక్టర్ ఫైల్ ఆ లెక్క లాంటిది. ఏ సైజు అడిగితే ఆ సైజులో కంప్యూటర్ మళ్లీ కొత్తగా గీస్తుంది.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ తీసుకోండి. ఏ సెట్టింగూ మార్చకుండా పీఎన్‌జీగా సేవ్ చేస్తే 640 అడ్డం, 480 నిలువు పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. దాన్ని వర్డ్ పేజీలో 6 అంగుళాల వెడల్పుకు పరిస్తే అంగుళానికి వచ్చేవి సుమారు 107 పిక్సెళ్లే. మంచి ప్రింట్‌కు సాధారణంగా కోరేది 300. అంటే 1800 పిక్సెళ్ల వెడల్పు కావాలి. ఉన్నవేమో అందులో మూడో వంతు. మూలలు పట్టుకుని సాగదీస్తే లేని పిక్సెళ్లు పుట్టుకురావు కదా! స్క్రీన్‌షాట్‌ల గొడవా ఇదే. తెర మీద ఎన్ని పిక్సెళ్లు కనిపించాయో అన్నే దక్కుతాయి.

ఏ ఫార్మాట్ ఎందుకు?

• ఎస్‌వీజీ: స్కేలబుల్ వెక్టర్ గ్రాఫిక్స్. డబ్ల్యూ3సీ సంస్థ 2001లో ప్రమాణంగా ప్రకటించింది. నిజానికి ఇది మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరవొచ్చు. మైక్రోసాఫ్ట్ 365, ఆఫీస్ 2019, ఆ తర్వాతి వెర్షన్ల వర్డ్ దీన్ని నేరుగా తీసుకుంటుంది. మీ దగ్గర కొత్త వర్డ్ ఉంటే కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకోండి.

• ఈఎమ్‌ఎఫ్: విండోస్ సొంత వెక్టర్ ఫార్మాట్. కాలేజీ ల్యాబ్‌లో పాత వర్డ్ ఉందా? అయితే మీకు దారి ఇదే. ఒక్క జాగ్రత్త... పారదర్శకంగా ఉండే లేత రంగుల షేడింగ్ ఇందులో సరిగ్గా రాకపోవచ్చు.

• పీడీఎఫ్: ఇదీ వెక్టర్‌ను దాచుకోగలదు. అయితే విండోస్‌లోని వర్డ్ దీన్ని బొమ్మలాగా చొప్పించదు. ఆబ్జెక్ట్‌గా పెడితే నాణ్యతకు భరోసా లేదు. ముందు ఎస్‌వీజీకి మార్చుకోవడమే మేలు.

• ఈపీఎస్: జర్నళ్లు ఇప్పటికీ అడుగుతుంటాయి. వర్డ్‌లో మాత్రం దీని రోజులు పోయాయి. భద్రతా కారణాలతో మైక్రోసాఫ్ట్ 2017లో ఆఫీస్‌లో దీన్ని ఆపేసింది. సీనియర్ల పాత నోట్స్‌లో ‘ఈపీఎస్ పెట్టు’ అని ఉంటే పట్టించుకోకండి.

• పీఎన్‌జీ, జేపెగ్: రెండూ రాస్టరే. తప్పక రాస్టర్ వాడాల్సి వస్తే గ్రాఫ్‌లకు పీఎన్‌జీ నయం. జేపెగ్ సైజు తగ్గించే క్రమంలో సన్నగీతలు, అక్షరాల అంచుల చుట్టూ మురికి పట్టినట్లు మచ్చలు వదులుతుంది.

గ్రాఫ్ పుట్టిన చోటే పట్టుకోండి

ఇందులో కీలకమైన సంగతి ఇదే. ఒకసారి పిక్సెళ్లుగా మారిన గ్రాఫ్‌ను మళ్లీ గీతలుగా మార్చడం కష్టం. కాబట్టి గీసిన సాఫ్ట్‌వేర్‌లోంచి బయటికి తెచ్చేటప్పుడే వెక్టర్‌గా తేవాలి.

ఎక్సెల్: చార్ట్‌ను కాపీ చేసి వర్డ్‌లో మామూలుగా పేస్ట్ చేస్తే అది చార్ట్‌గానే వస్తుంది, స్పష్టంగానే ఉంటుంది. అయితే మామూలు పేస్ట్‌లో అది మీ ఎక్సెల్ ఫైల్‌కు లింక్ అయి ఉంటుంది. ఆ ఫైల్ చోటు మారితే డేటాను ఎడిట్ చేయలేరు. ‘ఎంబెడ్’ ఆప్షన్ ఎంచుకుంటే వర్క్‌బుక్ మొత్తం వర్డ్ ఫైల్‌లోకి వచ్చేస్తుంది. అంటే ఆ వర్డ్ ఫైల్ ఎవరికి పంపితే వాళ్ల చేతికి మీ డేటా అంతా వెళ్లినట్టే! తుది కాపీకి పేస్ట్ స్పెషల్‌లోకి వెళ్లి ‘పిక్చర్ - ఎన్‌హాన్స్‌డ్ మెటాఫైల్’ ఎంచుకోండి. కొత్త ఎక్సెల్‌లోనైతే చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి, ‘సేవ్ యాజ్ పిక్చర్’లో ఎస్‌వీజీ తీసుకోవచ్చు.

పైథాన్: మాట్‌ప్లాట్‌లిబ్‌లో సేవ్‌ఫిగ్ కమాండ్ వాడతారుగా. ఫైల్ పేరు చివర పీఎన్‌జీ బదులు ఎస్‌వీజీ అని రాయండి. అంతే, పనైపోయింది! నాడీ శాస్త్రవేత్త జాన్ హంటర్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ అక్షరాలను కూడా గీతలుగా మార్చి సేవ్ చేస్తుంది. దాంతో గైడ్ కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా ఇబ్బంది ఉండదు.

ఆర్: జీజీప్లాట్ వాడేవాళ్లు జీజీసేవ్‌లో ఫైల్ పేరును ఎస్‌వీజీతో ముగిస్తే చాలు. ఎస్‌వీజీలైట్ అనే ప్యాకేజీ ముందుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

మాట్‌ల్యాబ్, ఆరిజిన్: మాట్‌ల్యాబ్ ఫిగర్‌ను ఎస్‌వీజీగా సేవ్ చేసుకోవచ్చు. విండోస్‌లో ఈఎమ్‌ఎఫ్ కూడా ఇస్తుంది. ఎక్స్‌ఆర్‌డీ, యూవీ, ఎఫ్‌టీఐఆర్ గ్రాఫ్‌లకు ఆరిజిన్ వాడే కెమిస్ట్రీ, ఫిజిక్స్ విద్యార్థులు ఎక్స్‌పోర్ట్ గ్రాఫ్‌లో ఈఎమ్‌ఎఫ్ ఎంచుకోవచ్చు.

ఫ్లోచార్ట్‌లు, సర్క్యూట్లు: సర్క్యూట్లకు కైక్యాడ్, ఫ్లోచార్ట్‌లకు డ్రా డాట్ ఐఓ ఉచితంగా దొరుకుతాయి. రెండూ ఎస్‌వీజీ ఇస్తాయి. డ్రా డాట్ ఐఓతో ఓ తిరకాసుంది. వర్డ్‌లో పెట్టాక బాక్సుల్లో అక్షరాలు మాయమై, ‘టెక్స్ట్ ఎస్‌వీజీ కాదు, చూపించలేం’ అనే అర్థంలో ఇంగ్లిష్ సందేశం కనిపిస్తుంది. కంగారు పడకండి. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు బాక్సులన్నీ సెలెక్ట్ చేసి, టెక్స్ట్ ట్యాబ్‌లో ‘వర్డ్ ర్యాప్’, ‘ఫార్మాటెడ్ టెక్స్ట్’ ఎదురుగా ఉన్న టిక్కులు తీసేయండి.

మీ సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఇవ్వనంటోందా? ఇంక్‌స్కేప్ ఉంది. ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ పనిచేస్తుంది. పీడీఎఫ్‌ను తెరిచి, చుట్టూ ఉన్న ఖాళీ తీసేసి, ఎస్‌వీజీగానో ఈఎమ్‌ఎఫ్‌గానో సేవ్ చేసుకోవచ్చు. పాత వర్డ్ ఉన్న పైథాన్ విద్యార్థులకూ ఇదే ఆసరా.

వర్డ్‌లో పెట్టేటప్పుడు...

ఇన్సర్ట్‌లో పిక్చర్స్‌కు వెళ్లి ఎస్‌వీజీ ఫైల్ ఎంచుకుంటే బొమ్మ వచ్చేస్తుంది. ఇక్కడ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: బొమ్మ పెట్టగానే సన్నటి చీలికలా కనిపించి, మిగతాదంతా మాయమైందా? ఫైల్ పాడైపోలేదు. ఆ పేరాకు లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంటే వర్డ్ ఆ ఎత్తు వరకే చూపిస్తుంది. దాన్ని ‘సింగిల్’కు మార్చండి. బొమ్మ బయటపడుతుంది.

రెండు: బొమ్మను ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’లోనే ఉంచండి. లేకపోతే పైన రెండు లైన్లు చేర్చగానే గ్రాఫ్ ఓ పేజీలో, దాని పేరు ఇంకో పేజీలో తేలతాయి. పేరును చేత్తో టైప్ చేయకుండా రెఫరెన్సెస్‌లోని ‘ఇన్సర్ట్ క్యాప్షన్’ వాడండి. నంబర్లు వర్డే వేసుకుంటుంది. మధ్యలో కొత్త గ్రాఫ్ చేర్చినా మొత్తం దిద్దుకోవాల్సిన పని తప్పుతుంది. బొమ్మల పట్టిక కూడా ఒక్క క్లిక్‌తో తయారవుతుంది.

మూడు: రాస్టర్ బొమ్మలు కూడా ఉంటే ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, ‘ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ’లోకి వెళ్లి ‘డూ నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’ టిక్ చేయండి. లేదంటే మీరు 600 డీపీఐతో పెట్టిన ఫొటోను సేవ్ చేసేటప్పుడు వర్డ్ చడీచప్పుడు లేకుండా తగ్గించేస్తుంది. మామూలుగా ఉండే సెట్టింగ్ 220 మాత్రమే. ఈ టిక్ మీ ఫైల్‌కు పెట్టాలి. అదీ బొమ్మలు చేర్చకముందే.

నాలుగు: వర్డ్‌లో ఎస్‌వీజీ పెట్టినప్పుడు దాంతోపాటు ఓ పీఎన్‌జీ కాపీ కూడా ఫైల్‌లో చేరుతుంది. పాత వర్డ్‌లో తెరిస్తే కనిపించేది ఆ కాపీయే. గైడ్ ‘గ్రాఫ్ మసగ్గా ఉంది’ అంటే ముందు వాళ్ల వర్డ్ వెర్షన్ ఏమిటో కనుక్కోండి. వాళ్లకు పీడీఎఫ్ పంపితే ఈ సమస్యే రాదు.

లిబ్రే ఆఫీస్ రైటర్ కూడా ఎస్‌వీజీని తీసుకుంటుంది. గూగుల్ డాక్స్ నేరుగా తీసుకోదు. టీమ్ ప్రాజెక్టును అందరూ కలిసి డాక్స్‌లో రాస్తున్నారనుకోండి, రాత పూర్తయ్యాక వర్డ్‌కో రైటర్‌కో మార్చి, చివర్లో గ్రాఫ్‌లు పెట్టుకోండి.

సైజు ముందే అనుకోండి

‘వెక్టర్ కదా, ఎంతకైనా సాగుతుంది’ అని సైజును గాలికి వదిలేస్తే మరో ఇబ్బంది. గీత చెదరదు నిజమే. కానీ బొమ్మను సగం చేస్తే అక్షరమూ సగమే అవుతుంది. 12 అంగుళాల వెడల్పుతో, 10 పాయింట్ల అక్షరాలతో గీసిన గ్రాఫ్‌ను పేజీలో 6 అంగుళాలకు కుదించారనుకోండి. అక్షరం 5 పాయింట్లు అవుతుంది. స్పష్టంగానే ఉంటుంది, కానీ భూతద్దం కావాలి!

అందుకే పేజీలో ఎంత చోటుందో ముందే కొలవండి. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. బైండింగ్ కోసం ఎడమవైపు ఒకటిన్నర అంగుళం, కుడివైపు అంగుళం వదిలితే మిగిలేది సుమారు 14.6 సెంటీమీటర్లు. గ్రాఫ్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే ఆ వెడల్పుతో గీసి, లేబుళ్లకు 9 లేదా 10 పాయింట్లు పెట్టండి. వర్డ్‌లోకి తెచ్చాక సాగదీయడం, కుదించడం ఏదీ వద్దు. ఇలా చేస్తే థీసిస్‌లోని 40 గ్రాఫ్‌ల్లోనూ అక్షరాలు ఒకే సైజులో ఉంటాయి. చూసేవాళ్లకు మీ పని మీద గౌరవం అక్కడే మొదలవుతుంది.

జర్నల్‌కు పంపేవాళ్లకైతే కొలతలు వాళ్లే చెబుతారు. ఎల్సెవియర్ మార్గదర్శకాల ప్రకారం సింగిల్ కాలమ్ బొమ్మ వెడల్పు 90 మిల్లీమీటర్లు, డబుల్ కాలమ్‌కు 190. గీతల బొమ్మను రాస్టర్‌గా ఇస్తే 1000 డీపీఐ ఉండాలంటుంది. స్ప్రింగర్ అడిగేది 1200. వెక్టర్‌గా ఇస్తే ఈ డీపీఐ లెక్కల బెడదే ఉండదు. ఎక్కువ జర్నళ్లు తుది దశలో బొమ్మలను విడి ఫైళ్లుగా కూడా అడుగుతాయి కాబట్టి, వర్డ్‌లో పెట్టేశాం కదా అని అసలు ఫైళ్లను డిలీట్ చేయకండి.

అన్నిటికీ వెక్టర్ వద్దు

సెమ్ ఇమేజ్, మైక్రోస్కోప్ ఫొటో, ఎక్స్‌రే, జెల్ ఫొటో... ఇవి పుట్టడమే పిక్సెళ్లుగా పుడతాయి. వీటిని ఎస్‌వీజీగా సేవ్ చేసినా లోపల ఉండేది అదే ఫొటో. ఒరవడి మారినంత మాత్రాన వివరం పెరగదు. పరికరం ఇచ్చిన అసలు టిఫ్ ఫైల్‌ను జాగ్రత్తగా దాచుకుని, 300 డీపీఐకి తగ్గకుండా పెట్టండి. వాట్సాప్‌లో ఫొటోలాగా పంపించుకున్న కాపీని మాత్రం వాడకండి. అది అప్పటికే కుదించుకుపోయి ఉంటుంది.

ఇంకో సందర్భం... లక్షల చుక్కలున్న స్కాటర్ ప్లాట్. ప్రతి చుక్కకూ ఓ సూచన రాయాలి కాబట్టి ఎస్‌వీజీ ఫైల్ బాగా బరువెక్కి, వర్డ్ స్క్రోల్ చేసినప్పుడల్లా ఆగిపోతుంది. మాట్‌ప్లాట్‌లిబ్‌లో దీనికి మధ్యేమార్గం ఉంది. ఆ చుక్కల పొరకు మాత్రం ‘రాస్టరైజ్డ్’ అనే ఆప్షన్ ఇచ్చి, డీపీఐ 300 పెట్టండి. చుక్కలు పిక్సెళ్లుగా, యాక్సిస్‌లు, అంకెలు వెక్టర్‌గా వస్తాయి.

తెలుగు లేబుళ్లు కావాలా?

వ్యవసాయం, సామాజిక శాస్త్రాలు, భాషాశాస్త్రంలో తెలుగు లేబుళ్లతో గ్రాఫ్ కావాల్సి రావచ్చు. మాట్‌ప్లాట్‌లిబ్‌లో నేరుగా రాస్తే సాధారణంగా ఒత్తులు, గుణింతాలు విడిపోయి ‘క్ష’, ‘స్త్రీ’ లాంటివి ముక్కలవుతాయి. దీనికో ఉపాయం ఉంది. ఎస్‌వీజీ సెట్టింగుల్లో ‘ఫాంట్‌టైప్’ను ‘నన్’ అని పెడితే అక్షరాలు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఫైల్‌లో ఉంటాయి. దాన్ని ఇంక్‌స్కేప్‌లో తెరిచి, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ ఇస్తే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. లేబుళ్లు కాస్త పక్కకు జరిగితే సర్దండి. ఆపై ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొట్టి సేవ్ చేయండి. ఇక ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు చెదరదు.

ఇచ్చేముందు మూడు పరీక్షలు

• వర్డ్ నుంచి పీడీఎఫ్ చేసేటప్పుడు ‘స్టాండర్డ్’ ఎంచుకోండి, ‘మినిమమ్ సైజ్’ వద్దు. పీడీఎఫ్ తెరిచి గ్రాఫ్‌ను 800 శాతానికి జూమ్ చేయండి. గీత అంచు నున్నగా ఉంటే వెక్టర్ నిలిచినట్టే. మెట్లు మెట్లుగా కనిపిస్తే దారిలో ఎక్కడో పిక్సెళ్లుగా మారింది. వెనక్కి వెళ్లి వెతకండి.

• అనుమానంగా ఉందా? వర్డ్ ఫైల్‌కు ఓ కాపీ తీసి, పేరు చివర డాక్స్ అనే భాగాన్ని జిప్‌గా మార్చి తెరవండి. లోపల ‘వర్డ్’ ఫోల్డర్‌లో ‘మీడియా’ అని ఉంటుంది. మీ బొమ్మలు ఏ రూపంలో ఉన్నాయో అందులో కనిపిస్తుంది.

• ఒక్క పేజీని బ్లాక్ అండ్ వైట్‌లో జిరాక్స్ తీయించండి. ఎరుపు, ఆకుపచ్చ గీతలు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయా? అయితే ఒకదాన్ని చుక్కల గీతగా మార్చండి. ఎరుపు, ఆకుపచ్చలను విడదీసి చూడలేని పాఠకులకు కూడా ఇది మేలు.

కెరియర్‌లో ఎక్కడ పనికొస్తుంది?

ఈ నైపుణ్యం పేరుతో విడిగా ఉద్యోగ ప్రకటన రాకపోవచ్చు. కానీ ప్రాజెక్ట్ ఫెలో, టెక్నికల్ రైటర్, డేటా అనలిస్ట్, ఫార్మా రెగ్యులేటరీ విభాగం... ఏ పనిలో చేరినా గ్రాఫ్‌లతో రిపోర్టులు తయారుచేయడం తప్పదు. మందుల అనుమతి కోసం పంపే పత్రాలు పీడీఎఫ్‌లుగానే వెళ్తాయి. వాటిలోని క్రోమటోగ్రామ్‌లో పీక్ పక్కన అంకె కనిపించకపోతే సమీక్షకులు ప్రశ్నలతో వెనక్కి పంపే అవకాశం ఉంటుంది. అలాంటి చోట శుభ్రమైన రిపోర్టు ఇచ్చే కొత్త ఉద్యోగిని త్వరగానే గుర్తిస్తారు.

ఇప్పటి నుంచే ఓ అలవాటు చేసుకోండి. ప్రతి గ్రాఫ్‌కు మూడింటిని ఒకే ఫోల్డర్‌లో ఉంచండి: డేటా, గీసిన కోడ్ లేదా ప్రాజెక్ట్ ఫైల్, ఎస్‌వీజీ. పేర్లు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని కాకుండా, అధ్యాయం నంబరు, బొమ్మ నంబరుతో పెట్టండి. ‘ఈ యూనిట్లు మార్చు’ అని గైడ్ సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు చెప్పినా అయిదు నిమిషాల్లో మార్చేయగలరు. ఈ వారం మీ రిపోర్టు తెరిచి, ఏదో ఒక్క గ్రాఫ్‌తో మొదలుపెట్టండి. దాన్ని 800 శాతం జూమ్ చేసి చూస్తే తర్వాత ఏం చేయాలో అదే చెబుతుంది.